వస్తువులు కిందికే ఎందుకు పడతాయి? చిన్నపిల్లలకు గురుత్వాకర్షణ గురించి చెప్పేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలతో చాలాకాలంగా సైన్స్ ప్రయోగాలు చేయిస్తున్నాను. తల్లిదండ్రులు, చిన్న తరగతుల టీచర్లు నన్ను ఎక్కువగా అడిగేది పడే వస్తువుల గురించే. ఈ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు, చేతిలో ఉన్నది వదిలితే చాలు. అయితే పిల్లలు ఊహించేలోపే మనం జవాబు చెప్పేస్తే ఇందులో మిగిలేదేమీ ఉండదు. కింది జవాబులన్నీ ఆ ఒక్క జాగ్రత్త మనసులో పెట్టుకుని రాసినవే.

ఏ వయసులో మొదలుపెట్టవచ్చు?

మీకంటే ముందే వాళ్లు మొదలుపెట్టేసి ఉంటారు. ఎత్తు కుర్చీలో కూర్చున్న పసిబిడ్డ చెంచా కింద పడేస్తుంది. మీరు తీసిస్తే మళ్లీ పడేసి, మళ్లీ తొంగి చూస్తుంది. అది అల్లరి అనుకోకండి. ప్రతిసారీ కిందికే పోతుందా, ప్రతిసారీ చప్పుడవుతుందా అని తేల్చుకుంటోంది. ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలిచినట్టు కనిపించే వస్తువును చూపిస్తే, ఏడాది కూడా నిండని పిల్లలు మామూలు కంటే ఎక్కువసేపు దానివైపే చూస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించారు. "ఇదేంటి, పడట్లేదు?" అన్న ఆశ్చర్యం మాటలు రాకముందే ఉంటుందన్నమాట.

రెండేళ్లు వచ్చేసరికి ఆ నమ్మకం ఎంత గట్టిపడుతుందో బ్రూస్ హుడ్ అనే శాస్త్రవేత్త 1995లో ప్రచురించిన ఒక ప్రయోగం చూపిస్తుంది. పైనుంచి వంకరగా వచ్చి పక్క పెట్టెలోకి దిగే గొట్టంలో బంతి వేశారు. గొట్టం ఎటు తిరిగిందో కళ్ల ముందే కనిపిస్తున్నా, చిన్నపిల్లలు బంతి వేసిన చోటికి సరిగ్గా కింద ఉన్న పెట్టెలోనే వెతికారు. పోనుపోను తప్పు తెలుసుకుంటారులే అనుకుంటే అదీ లేదు, మళ్లీ మళ్లీ అక్కడే వెతికారు. కాబట్టి మనం ఖాళీ పలక మీద రాయబోవట్లేదు. వాళ్ల దగ్గర ఇప్పటికే ఒక సిద్ధాంతం ఉంది.

నా లెక్క ఇది: మూడు నాలుగేళ్లకు పడేయడం, చూడటం, చూసింది చెప్పడం. ఐదారేళ్లకు ముందే ఊహించి చెప్పడం. ఎనిమిది దాటాక కొలవడం.

"ఎందుకు పడింది?" అని అడిగితే మొదట ఏం చెప్పాలి?

"భూమి లాగుతోంది" అనండి. చిన్నవాళ్లకు అది చాలు, పైగా నిజం.

"గ్రావిటీ వల్ల" అనడానికి మాత్రం తొందరపడకండి. పేరు తెలియగానే విషయం తెలిసిపోయిందనిపిస్తుంది, పెద్దవాళ్లకైనా అంతే. ఒక ఆరేళ్ల పాపను గ్రావిటీ అంటే ఏంటమ్మా అని అడిగాను. "కింద పడటం" అంది. మరి కింద ఎందుకు పడుతుంది అంటే, "గ్రావిటీ వల్ల" అంది. మాట వచ్చింది, కానీ లాగేది భూమి అన్న సంగతి ఆ మాట వెనక దాక్కుండిపోయింది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి తెలుగులోనే ఉన్న ఒక మంచి ఆట చెబుతాను. "పడటం" అనే అర్థం వచ్చే మాటలన్నీ చెప్పమని పిల్లల్ని అడగండి. ఆకులు రాలతాయి. వాన కురుస్తుంది. నీళ్లు ఒలుకుతాయి. గోడ కూలుతుంది. చేతిలోంచి గ్లాసు జారుతుంది. జలపాతం దూకుతుంది. ఇన్ని మాటలు చెప్పాక, "వీటన్నిటినీ లాగుతున్నది ఎవరు?" అని అడగండి. వేర్వేరు అనుకున్నవన్నీ ఒకే పని అని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

కాస్త పెద్ద పిల్లలకు "గురుత్వాకర్షణ" అన్న పదం విడదీసి చూపించవచ్చు. గురు అంటే బరువైనది. ఛందస్సులో గురువు, లఘువు అంటామే, అదే గురువు. గురుత్వం అంటే బరువుదనం, ఆకర్షణ అంటే లాగడం. పదం నోరు తిరగనట్టు కనిపిస్తుంది కానీ విడదీస్తే భయపడాల్సిందేమీ లేదు.

బరువైనది ముందు పడుతుందా, తేలికైనదా?

నాకు అందరికంటే ఎక్కువగా ఎదురైన ప్రశ్న ఇదే. నేను ఘోరంగా తప్పు చేసింది కూడా ఇక్కడే. మొదట్లో ఒకసారి పిల్లల్ని కూర్చోబెట్టి, "బరువైనా తేలికైనా అన్నీ ఒకేసారి పడతాయి" అని ముందే చెప్పేశాను. వెనక కూర్చున్న ఒక బాబు లేచి, నేల మీది ఎండుటాకునూ ఓ రాయినీ తీసుకుని వదిలాడు. రాయి టక్కున పడింది, ఆకు ఊగుతూ ఊగుతూ దిగింది. "అబద్ధం" అన్నాడు. వాడు చూసింది నిజం, నేను చెప్పింది సగం నిజం. ఆ రోజు తర్వాత ముందుగా సూత్రం చెప్పడం మానేశాను.

ఇప్పుడు ఇలా చేస్తాను. ఒక గట్టి అట్ట పుస్తకం, దానికంటే అన్ని వైపులా కాస్త చిన్నగా కత్తిరించిన కాగితం తీసుకుంటాను. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని, "ఏది ముందు?" అని అడుగుతాను. అందరూ పుస్తకం అంటారు. వదిలితే పుస్తకమే ముందు. సంతోషిస్తారు. తర్వాత కాగితాన్ని పుస్తకం మీద పెడతాను. కొంచెం కూడా అంచు బయటికి రాకుండా, జిగురు ఏమీ లేకుండా. "ఇప్పుడు వదిలితే?" ఇక్కడ గొడవ మొదలవుతుంది. కాగితం పైకి ఎగిరిపోతుందని కొందరు, వెనకబడి మెల్లగా వస్తుందని ఇంకొందరు. పుస్తకాన్ని బల్లపరుపుగా పట్టుకుని వదిలితే కాగితం పుస్తకానికి అంటుకున్నట్టే దానితో పాటు నేలకు చేరుతుంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత "మళ్లీ!" అని అరుపులు. కనీసం పదిసార్లు చేయాల్సి వస్తుంది, చేయండి. "పుస్తకం గాలిని పక్కకి తోసేస్తోంది, అందుకే కాగితానికి అడ్డం లేదు" అని ఎవరో ఒకరు వాళ్లలో వాళ్లే అంటారు. మొదటిసారే రాకపోవచ్చు. ఆగండి. (పుస్తకం వెనక ఏర్పడే గాలి సుడి కూడా కాగితాన్ని కాస్త లాగుతుందని పదేళ్ల పిల్లలెవరైనా వాదిస్తే ఒప్పుకోండి, ఆ మాటలో నిజం ఉంది. అప్పుడు అదే కాగితాన్ని గట్టిగా ఉండచుట్టి, పుస్తకం పక్కనే విడిగా వదిలి చూపించండి.)

పిల్లలు తప్పుగా ఊహించినందుకు చిన్నబుచ్చుకోనివ్వకండి. అరిస్టాటిల్ కూడా బరువును బట్టే వేగం ఉంటుందని చెప్పాడు, దాదాపు 2 వేల ఏళ్లు చాలామంది అదే నమ్మారు. 1586లో సైమన్ స్టెవిన్ అనే ఆయన ఒకటికి పది రెట్లు బరువున్న రెండు సీసపు గుండ్లను సుమారు 30 అడుగుల ఎత్తు నుంచి ఒక చెక్క మీద పడేలా వదిలితే, రెండు చప్పుళ్లూ ఒకే చప్పుడులా వినిపించాయని రాశాడు. గెలీలియో పీసా గోపురం మీది నుంచి గుండ్లు వదిలాడన్న కథ అందరికీ తెలుసు. అది నిజంగా జరిగిందా అన్నది చరిత్రకారులకే అనుమానం కాబట్టి నేను స్టెవిన్ సంగతే చెబుతాను.

గెలీలియో ఆలోచన మాత్రం తప్పకుండా చెప్పండి, ఎనిమిదేళ్ల పిల్లలకు చక్కగా ఎక్కుతుంది. పెద్దరాయి వేగంగా, చిన్నరాయి మెల్లగా పడతాయనుకుందాం. రెంటినీ తాడుతో కట్టేస్తే? చిన్నది వెనక్కి లాగుతుంది కాబట్టి కాస్త మెల్లగా పడాలి. కానీ రెండూ కలిస్తే ఇంకా బరువు కదా, ఇంకా వేగంగా పడాలి. మెల్లగానా, వేగంగానా? రెండూ నిజం కాలేవు కాబట్టి మొదట అనుకున్నదే తప్పు.

మరి పెద్దరాయిని భూమి ఎక్కువ బలంగా లాగదా?

లాగుతుంది. అందుకే చేతికి బరువు తెలుస్తుంది. కానీ పెద్దరాయికి మొండితనం కూడా ఎక్కువ. ఖాళీ బండిని తోయడం తేలిక, సామాన్లు నింపిన బండి అంత త్వరగా కదలదు. బరువు రెట్టింపు అయితే లాగే బలం రెట్టింపు, కదలనని మొరాయించడమూ రెట్టింపు. ఒకదానికొకటి సరిపోతాయి. పిల్లల చేత రెండు బండ్లు తోయించి ఈ మాట చెబితే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే.

ఈక, కాగితం మెల్లగా ఎందుకు దిగుతాయి?

గాలి అడ్డుపడుతుంది. గాలి కనిపించదు కాబట్టి పిల్లలకు అది "ఏమీ లేని చోటు". ముందు దాన్ని చేతికి తెలిసేలా చేయాలి. ఒక పెద్ద అట్టముక్క ఇచ్చి ఒకసారి వెడల్పుగా, ఒకసారి అంచు ముందుకు పెట్టి ఊపమనండి. వెడల్పుగా ఊపినప్పుడు చేతికి తగిలే అడ్డమే గాలి. తర్వాత ఒకేలాంటి రెండు కాగితాలు తీసుకుని ఒకటి ఉండచుట్టండి. బరువు మారలేదు, ఆకారం మారింది. ఇక వదలండి.

గాలి అసలు లేకపోతే ఏమవుతుందో 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి చూపించాడు. ఒక చేతిలో 1.3 కిలోల సుత్తి, ఇంకో చేతిలో సుమారు 30 గ్రాముల డేగ ఈక. రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఆ వీడియో నాసా అందరికీ అందుబాటులో ఉంచింది. కాగితం ప్రయోగాలన్నీ అయ్యాకే చూపించండి. ముందే చూపిస్తే అది చంద్రుడి మీద జరిగే మాయలా అనిపిస్తుంది.

రెండు వస్తువులు ఒకేసారి వదలడం కుదరట్లేదు. ఏం చేయాలి?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం ప్రయోగాలు ఇక్కడే చెడతాయి. ఒక మీటరు ఎత్తు నుంచి వస్తువు పడటానికి పట్టేది సుమారు 0.45 సెకను. ఒక చేయి సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైనా, మొదటిది నేలను తాకేసరికి రెండోది ఇంకా జానెడు పైన ఉంటుంది. పిల్లలు "చూశావా, బరువైనదే ముందు" అంటారు, మీరు వాదించలేరు.

రెండు చేతులతో వదలకండి. బల్ల అంచున రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి, పొడుగాటి స్కేలుతో ఒక్కసారిగా నెట్టండి. కింద ఒక స్టీలు పళ్లెం బోర్లించి, కళ్లు మూసుకుని వినమనండి. "టక్" అని ఒక్కటే చప్పుడా, "టటక్" అని రెండా? కంటి కంటే చెవి ఇక్కడ నమ్మకస్తురాలు. ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే వాడుకోండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే మీటరు ఎత్తు నుంచి పడేది వందకు పైగా ఫ్రేముల్లో కనిపిస్తుంది.

పడేకొద్దీ వేగం పెరుగుతుందని ఎలా చూపించాలి?

చిన్నవాళ్లకు తడి ఇసుక చాలు. ఒకే గోళీని జానెడు ఎత్తు నుంచి, నడుము ఎత్తు నుంచి, తల ఎత్తు నుంచి వదిలి గుంటలు చూడమనండి. బరువు అదే, గుంట ఎందుకు పెద్దదైంది?

కాస్త పెద్ద పిల్లల కోసం నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. ఒక తాడుకు ఐదు ఇనప నట్లు కట్టండి: మొదటిది చివర్లో, మిగిలినవి ఆ చివర నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దూరంలో. చివరి నట్టు కింద పెట్టిన పళ్లేన్ని తాకీ తాకనట్టు ఉండేలా తాడును నిటారుగా పట్టుకుని వదలండి. నట్ల మధ్య దూరం పెరుగుతూ పోతున్నా చప్పుళ్లు మాత్రం తాళం వేసినట్టు సమానంగా టక్, టక్, టక్, టక్ అని వినిపిస్తాయి. తర్వాత ఇంకో తాడుకు సమాన దూరాల్లో కట్టి వదిలితే చప్పుళ్లు దగ్గరదగ్గరగా, హడావిడిగా వస్తాయి. మొదటి తాడులో మధ్య దూరాలు 10, 30, 50, 70. అంటే 1, 3, 5, 7. బేసి సంఖ్యలు! గెలీలియో వాలు పలకల మీద గుండ్లు దొర్లించి కనిపెట్టింది ఈ వరసనే. అంకెలు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు కూడా ఈ వరస చూపిస్తే కళ్లు మెరుస్తాయి.

9.8 అన్న అంకె ఈ వయసులో అక్కర్లేదు. అడిగితే, గాలి అడ్డు లేకపోతే పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుందని చెప్పి వదిలేయండి.

నడుస్తూ బంతి వదిలితే ఎక్కడ పడుతుంది?

నేల మీద ఒక బకెట్ పెట్టి, ఆగకుండా నడుస్తూ బంతిని అందులో వేయమనండి. పిల్లలు సరిగ్గా బకెట్ పైకి వచ్చాక వదులుతారు, బంతి దాటిపోయి అవతల పడుతుంది. పెద్దవాళ్లలో కూడా చాలామంది బంతి నిటారుగా కిందికే పడుతుందనుకుంటారు. నిజానికి అది మన నడక వేగాన్ని తనతో పట్టుకెళ్తుంది. ముందుగా వదలాలని ఎవరూ చెప్పకుండానే నాలుగో ఐదో ప్రయత్నంలో చేతులు నేర్చేసుకుంటాయి.

భూమి గుండ్రంగా ఉంటే అడుగున ఉన్నవాళ్లు పడిపోరా?

ఈ ప్రశ్న అడిగిన పిల్ల బాగా ఆలోచిస్తోందని అర్థం. నవ్వకండి. "భూమి గుండ్రం" అని బడిలో చెబుతారు, కాళ్ల కింద మాత్రం బల్లపరుపుగా కనిపిస్తుంది. ఈ రెంటినీ కలపడానికి పిల్లలు రకరకాల బొమ్మలు కట్టుకుంటారని స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూయర్ 1992లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. కొందరి ఊహలో భూమి బోలు బంతి, మనుషులు దాని లోపల చదునైన నేల మీద ఉంటారు. ఇంకొందరికి భూములు రెండు: మనం ఉన్నది ఒకటి, ఆకాశంలో గుండ్రంగా ఉన్నది ఇంకొకటి.

ఏం చెప్పాలో ఆలోచించే ముందు వాళ్ల బొమ్మ చూడండి. ఒక వృత్తం గీసి, పైన, పక్కన, అడుగున మనుషుల్ని గీయించండి. ప్రతి మనిషి చేతిలో ఒక రాయి. "వదిలేస్తే ఎటు పోతుంది? బాణం గుర్తు వేయి." అడుగున ఉన్న మనిషి రాయి కాగితం కింది అంచువైపు పోతున్నట్టు గీస్తే, ఆ పిల్లకు "కింద" అంటే కాగితం కింది వైపు. అప్పుడు ఒక బంతికి చిన్న బొమ్మలు అంటించి, ఏ బొమ్మకైనా కాళ్లవైపే "కింద" అని బంతిని తిప్పుతూ చూపించండి. బాణాలన్నీ బంతి నడిమధ్యకు చూస్తాయి. ఒక్కరోజులో కుదరకపోతే టెన్షన్ పడకండి. రెండు మూడు నెలలకు ఒకసారి అదే బొమ్మ గీయించి దాచుకోండి, బాణాలు మెల్లగా తిరగడం మీకే కనిపిస్తుంది.

"మరి భూమి ఎందుకు పడదు?" అన్నది దీని తమ్ముడు. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంత శిరోమణి అనే గణిత, ఖగోళ గ్రంథంలో ఈ ప్రశ్నే ఎత్తుకున్నాడు. భూమికి ఆకర్షించే శక్తి ఉంది, బరువైన వాటిని తనవైపు లాక్కుంటుంది, అవి పడుతున్నట్టు కనిపిస్తాయి. అన్నివైపులా ఆకాశం సమానంగా ఉన్నప్పుడు ఈ భూమి ఎటని పడుతుంది? ఇదీ ఆయన అడిగింది. పిల్లలకు ఈ మాట చెప్పి, "నువ్వేమంటావు?" అనండి.

న్యూటన్ తల మీద ఆపిల్ పడిందని చెప్పవచ్చా?

ఆపిల్ పడటం చూసి ఆలోచనలో పడ్డానని న్యూటన్ ముసలితనంలో స్వయంగా చెప్పుకున్నాడు. తల మీద పడటం తర్వాత చేరిన ముచ్చట. ఆపిల్‌ను లాగే బలమే చంద్రుణ్నీ లాగుతోందా అన్న ప్రశ్నలోనే అసలు గొప్పతనం ఉంది. దాన్ని లెక్కలతో 1687లో అచ్చువేశాడు. కథ చెబితే ఆ ప్రశ్నతో సహా చెప్పండి.

అంతరిక్షంలో వ్యోమగాములు తేలుతారు కదా, అక్కడ గ్రావిటీ లేదనే చెప్పాలా?

అలా చెప్పకండి, తర్వాత సరిదిద్దడం కష్టం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. అక్కడ భూమి లాగే బలం నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్లు తేలడం లేదు, పడుతున్నారు. కాకపోతే గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు కూడా దూసుకుపోతున్నారు కాబట్టి పడుతూ పడుతూ భూమి చుట్టూ తిరిగేస్తున్నారు. 

పడుతున్నప్పుడు బరువు ఎలా తెలియకుండా పోతుందో చూపించాలంటే కాగితం కప్పు అడుగు దగ్గర పక్కన చిన్న రంధ్రం చేసి నీళ్లు పోయండి. ధార కడుతుంది. ఆరుబయట, కాస్త ఎత్తు నుంచి కప్పును వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది, ఎందుకంటే నీళ్లూ కప్పూ కలిసి ఒకే వేగంతో పడుతున్నాయి. ఫోన్‌లో తీసి మెల్లగా చూపిస్తే ఇంకా బాగుంటుంది.

పిల్లలు తప్పు జవాబు చెబితే వెంటనే సరిదిద్దాలా?

వద్దు. "ఎలా తెలిసింది?" అని అడగండి, తర్వాత "చూద్దామా?" అనండి. ఊహించిన జవాబును ముందుగా కాగితం మీద రాయించండి, రాయడం రాకపోతే బొమ్మ వేయించండి. లేకపోతే ఫలితం చూశాక అందరూ "నేనూ అదే అన్నా" అంటారు. మీ ముఖంలో జవాబు కనిపించకుండా చూసుకోవడం అన్నిటికంటే కష్టం. పిల్లలు వస్తువును వదిలేసి మన కళ్లే చదువుతారు.

జాగ్రత్తలు?

గాజు వద్దు, కాళ్ల మీద పడితే దెబ్బ తగిలేంత బరువు వద్దు. స్టూలు ఎక్కేది పెద్దవాళ్లే. మేడ మీది నుంచో కిటికీలోంచో ఏదీ వదలకూడదని మొదటిరోజే చెప్పండి. మూడేళ్లలోపు పిల్లలు ఉన్నచోట గోళీలు, నట్లు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి లోపల పెట్టండి.

"భూమి అసలు ఎందుకు లాగుతుంది?" అంటే ఏం చెప్పాలి?

ఎంత లాగుతుందో న్యూటన్ చెప్పగలిగాడు, ఎందుకు లాగుతుందో తనకు తేలలేదని రాశాడు. 1915లో ఐన్‌స్టీన్ ఇంకా లోతైన జవాబు ఇచ్చాడు కానీ అది ఈ వయసుకు కాదు. పిల్లలకు చెప్పగలిగింది ఒకటుంది: భూమి ఒక్కటే కాదు, ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ లాగుతుంది. చిన్న వస్తువులు లాగే బలం మరీ తక్కువ కాబట్టి మనకు తెలియదు. 1798లో హెన్రీ కావెండిష్ అనే శాస్త్రవేత్త సన్నటి తీగకు వేలాడదీసిన చిన్న సీసపు గుండ్లు, పక్కన పెట్టిన పెద్ద గుండ్ల వైపు ఎంత కొద్దిగా జరుగుతాయో కొలిచాడు. తన ఊపిరి, ఒంటి వేడి కూడా గాలిని కదిలించి లెక్క చెడగొడతాయని, పరికరాన్ని ఒక మూసిన గదిలో పెట్టి బయటి నుంచి టెలిస్కోపుతో చూశాడు. ఇది విన్న ఏడేళ్ల పాప ఒకామె తన రెండు అరచేతులూ దగ్గర దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఏమైనా తెలుస్తోందా అని నేను అడగలేదు.